జేగురమ్మ గుండె, ఆఫీసరుగారి సంతకం

ఒక పెద్ద అడవిలో జేగురమ్మ అనే గుర్రం ఉండేది. పెద్ద అడవి అని ఆ అడవివాళ్ళే చెప్పుకుంటారు లెండి, ఏటవతలి అడవివాళ్ళు ఒప్పుకోరు. ఆ తగాదా మనకెందుకు గానీ, జేగురమ్మ సంగతి మాత్రం రెండడవులవాళ్ళూ ఒప్పుకునేదే. ఒళ్ళంతా జేగురు రంగు, నుదుటి మీద శనగబద్దంత తెల్లమచ్చ, పరుగు మొదలెడితే పొద్దు వాలేదాకా అలసిపోని కాళ్ళు.

ఏటా ఎండలు ముదిరే ముందు రెండడవులకూ ఒక పరుగు పందెం జరుగుతుంది. కొండ చుట్టూ ముప్పై కోసులు. గెలిచినవాళ్ళు ఎండాకాలమంతా తాబేటి మడుగులో ముందు నీళ్ళు తాగుతారు. వాళ్ళు తాగి, కాళ్ళు కడుక్కుని, పిల్లలకు స్నానాలు చేయించి వెళ్ళాక మిగిలింది ఓడినవాళ్ళు తాగుతారు. ఏం మిగులుతుందో నేను వేరే చెప్పాలా?

ఈ పందెంలో ఒక మెలిక ఉంది. ముందొచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. పరుగు ఆపాక గుర్రం గుండె కుదుటపడాలి. మడుగు గట్టు మీద గద్దబండ అని ఒక రాయి ఉంది, దాని నీడ నీళ్ళను తాకేలోపే కుదుటపడాలి. పడకపోతే పందెం వెనకొచ్చిన గుర్రానిది. గుర్రాల్ని చచ్చేట్టు పరిగెత్తించి గెలవకూడదని పూర్వం ఎవరో బుద్ధున్నవాళ్ళు పెట్టిన షరతు అది.

ఐదేళ్ళుగా జేగురమ్మే గెలుస్తోంది. ఆమె చేత సాధన చేయించేది గంపయ్య అనే ముసలి గాడిద. వీపుకు అటొకటి ఇటొకటి ఎప్పుడూ గంపలు వేలాడుతుంటాయి. వాటిలో ఏమీ ఉండదు, అలవాటు. కళ్ళకు శుక్లాలు. ఆరేళ్ళ కిందట జలుబు చేసి మూసుకుపోయిన ముక్కు మళ్ళీ తెరుచుకోలేదు. చెవులు మాత్రం పాముచెవులు. జేగురమ్మ నాలుగు కోసులు పరిగెత్తి రాగానే ఆమె రొమ్ముకు చెవి ఆనించి వినేవాడు. "ఇంకా దడదడలాడుతోందే అమ్మాయ్, కాసేపు నడువు" అనేవాడు. లేదంటే "ఆఁ, కుదుటపడింది, వెళ్ళి నీళ్ళు తాగు" అనేవాడు. ఆయన శాస్త్రమంతా అంతే.

అంతటితో ఊరుకుంటే అడవి బాగానే ఉండేది. కానీ ఊరుకుంటే సభలెందుకు, సభ్యులెందుకు?

ఆ ఏడు కొమ్మారావు అనే కోతి అడవి అంచు నుంచి ఒక వస్తువు తెచ్చింది. అక్కడ పట్నంవాళ్ళు కొందరు తమ గుర్రాలకు దూరపు పరుగులు నేర్పిస్తుంటారు. గుర్రం పొట్ట చుట్టూ ఒక బెల్టు కడతారు, పైన కూర్చున్న మనిషి చేతికి వాచీ పెట్టుకుంటాడు, గుర్రం గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ వాచీలో అంకె పడుతుంది. వాళ్ళు గుర్రానికి నీళ్ళు పోస్తూ అటు తిరిగినప్పుడు కొమ్మారావు ఆ బెల్టునూ వాచీనీ "పరిశోధన నిమిత్తం" పట్టుకొచ్చేసింది.

సభ కూడింది. మృగరాజు జూలువర్మగారు బండ మీద పడుకుని అధ్యక్షత వహించారు. ముందుగా ఎవరికి కట్టి చూపించాలన్న చర్చ వచ్చింది. మర్యాదగా ఉంటుందని ఆరోగ్య తనిఖీ అధికారి మచ్చేశ్వరరావుగారికి కట్టారు.

మచ్చేశ్వరరావుగారు చిరుతపులి. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆయన గుర్తు పెట్టుకోలేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆయన తనని తాను ఆఫీసరుగానే అనుకుంటున్నారు. డ్యూటీలో ఉండగా ఎవర్నీ తినకూడదని రూలుంది, దాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటిస్తారు. డ్యూటీ ఎప్పుడు దిగుతారో మాత్రం ఎవరికీ తెలియదు.

వాచీలో అరవై రెండు అని పడింది. సభ చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే మహారాజుగారికి ఆవులింత వచ్చింది. ఆయన ఆవులిస్తే పళ్ళు ముందు వరస, వెనక వరస అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. వాచీలో అంకె గబగబా పరుగెత్తి రెండు వందల ఎనిమిది దగ్గర ఆగింది.

"కొత్త పరికరం కదండీ, వేడెక్కింది!" అంది కొమ్మారావు కంగారుగా.

"అవునవును, నాకూ పొట్ట దగ్గర వెచ్చగా తగిలింది" అన్నారు మచ్చేశ్వరరావుగారు, బెల్టు విప్పుకుంటూ.

గుర్రాల వరసలో నిలబడిన జేగురమ్మ అదంతా చూసింది. ఆ అంకె ఎందుకో ఆమె మనసులో ఉండిపోయింది.

సభ తీర్మానించింది. ఇకనుంచి జేగురమ్మ సాధన గంపయ్య చెవితో కాదు, అంకెతో జరగాలి. పరుగయ్యాక తగిన వ్యవధి ఇచ్చి చూస్తే అంకె అరవై నాలుగు దాటకూడదు. మూడుసార్లు దాటితే జేగురమ్మను పందెం నుంచి తప్పించి విశ్రాంతి శాఖకు పంపాలి. ఏటవతలి అడవికి కబురు పంపితే వాళ్ళూ సరేనన్నారు. ఐదేళ్ళుగా ఓడిపోతున్నవాళ్ళకు ఏ మార్పైనా మంచిదే కదా.

విశ్రాంతి శాఖ మహారాజుగారి గుహ వెనకాల ఉంది. చాలా ప్రశాంతమైన చోటని అందరూ అంటారు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి "హాయిగా ఉందర్రా" అని చెప్పింది లేదు.

"అంకె నేను చూసి చెప్తాను" అంది కొమ్మారావు.

"నువ్వు చూస్తే అది కబురు. ఆఫీసరు కళ్ళారా చూస్తే అది రికార్డు" అన్నారు మహారాజుగారు. "మచ్చేశ్వరరావే స్వయంగా దగ్గరుండి చూసి, సంతకం పెట్టాలి."

జేగురమ్మ గుండె అప్పుడే ఒకసారి గుబుక్కుమంది.

మొదటి తనిఖీ సోమవారం పొద్దున జరిగింది. జేగురమ్మ ఆరు కోసులు పరిగెత్తి వచ్చింది, పావుగంట నడిచింది. గంపయ్య రొమ్ముకు చెవి ఆనించి "కుదుటపడింది" అన్నాడు. కొమ్మారావు వాచీ చూసి "యాభై రెండు, భేష్ అక్కా!" అంది. అప్పుడు పొదలు కదిలాయి. మచ్చేశ్వరరావుగారు వచ్చారు. మెత్తగా, చప్పుడు లేకుండా, ఆయన నడక ఆయనకు పుట్టుకతో వచ్చింది మరి.

"ఏమ్మా జేగురమ్మా, కులాసానా?" అంటూ వాచీ చేతికి పెట్టుకుని, ఆమె మెడ పక్కన మొహం పెట్టి అంకె చూశారు.

నూట ఎనభై ఏడు.

"అయ్యయ్యో!" అన్నారు ఆఫీసరుగారు. నిజంగానే బాధపడ్డారు, అందులో నటన ఏమీ లేదు. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా తల్లీ? మేత సహిస్తోందా? ఇంట్లో ఏమన్నా దిగుళ్ళా?"

"లేదండీ" అంది జేగురమ్మ. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకూ పోతామంటున్నాయి.

"మరి ఎందుకింత దడ?"

ఎందుకో ఆమెకు తెలుసు, కొమ్మారావుకు తెలుసు, చుట్టూ ఉన్న కొమ్మల మీద పిట్టలకు కూడా తెలుసు. కానీ ఎవరు చెప్తారండీ? "తమరి వల్లేనండీ" అంటే అది ఆఫీసరును అవమానించడం. అవమానపడిన ఆఫీసరు డ్యూటీ దిగిపోతే?

"గాలి మార్పేమోనండీ" అంది జేగురమ్మ.

"గాలి మార్పు" అని రాసుకున్నారాయన. కింద సంతకం పెట్టారు.

తెలియందల్లా గంపయ్య ఒక్కడికే. ఆయనకు కళ్ళు కనబడవు, వాసన తెలియదు, వినబడేదల్లా ఒక తియ్యటి గొంతు. ఎవరో మంచి కణితి దుప్పిలాంటి పెద్దమనిషి ఆఫీసరుగా వచ్చారని ఆయన నమ్మకం. "ఎంత మర్యాదస్తుడే అమ్మాయ్! నా నడుంనొప్పి సంగతి అడిగి మరీ తెలుసుకున్నాడు" అని మురిసిపోయాడు. జేగురమ్మ చెప్పబోయి ఆగిపోయింది. ఈ వయసులో ఆయనకు ఆ సంగతి అవసరమా అనిపించింది.

మచ్చేశ్వరరావుగారు అంతటితో ఆగలేదు. గుర్రానికే ఇలా ఉంటే మిగతావాళ్ళ సంగతేమిటని బెల్టు పట్టుకుని అడవంతా తిరిగారు. లేళ్ళకు చూశారు, రెండు వందలు. అడవిపందికి చూశారు, రెండు వందల పది. కుందేలుకు చూస్తే వాచీలో అంకెలు అయిపోయాయి. వారం తిరిగేసరికి ఆయనకు కన్నీళ్ళొచ్చాయి.

"మహాప్రభూ, అడవి మొత్తానికి గుండెజబ్బు! ఒక్కరంటే ఒక్కరు ఆరోగ్యంగా లేరు. నేను చూడకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు" అని రిపోర్టు ఇచ్చారు.

మందు కూడా ఆయనే కనిపెట్టారు. దాని పేరు మనశ్శాంతి శిబిరం. లేళ్ళనూ కుందేళ్ళనూ పందుల్నీ పిలిపించి గుండ్రంగా కూర్చోబెట్టారు, జేగురమ్మను ముందు వరసలో నిలబెట్టారు. మధ్యలో తాను కూర్చున్నారు.

"అందరూ కళ్ళు మూసుకోండి" అన్నారు.

ఒక్కరూ మూసుకోలేదు.

"మూసుకోండమ్మా, మంచిది. ఊపిరి నిదానంగా పీల్చండి. మీ చుట్టూ ఎవరూ లేరనుకోండి."

వాళ్ళందరి కోరికా అదే. ఒక ముసలి కుందేలు పెద్దల మాట కాదనలేక ఒక కన్ను మూసింది. ఆ సంగతి ఇప్పటికీ వాళ్ళ వంశంలో గొప్పగా చెప్పుకుంటారు. జేగురమ్మ రెప్ప వేయకుండా ఆఫీసరుగారి పాదాల వంకే చూస్తూ నిలబడింది. శిబిరం అయ్యాక ఆమె అంకె చూశారు. నూట తొంభై ఆరు. రెండో సంతకం పడింది.

"ఇంకొక్క అవకాశమే ఉందమ్మా" అన్నారాయన. "ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. విశ్రాంతి శాఖవాళ్ళు ఇప్పటికే నీ బరువెంతని అడుగుతున్నారు."

జేగురమ్మకు ఆ రోజు గడ్డి నోట పెడితే మట్టిలా అనిపించింది. పరుగులో ఓడిపోతే ఓడిపోయానని సరిపెట్టుకోవచ్చు. ఒక్క అడుగు కూడా వెనకబడకుండా గుహ వెనక్కి వెళ్ళడమేమిటి? తను పోతే మడుగు పోతుంది, లేడిపిల్లలు ఎండాకాలమంతా బురద నాకాలి. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది.

కొమ్మారావు చెట్టు దిగి వచ్చింది. దానికీ భయంగానే ఉంది. గుర్రం పోతే తన పరికరం దండగ అని సభ అంటుంది మరి.

"అక్కా, ఏడవకు. అడవి మొత్తంలో ఆఫీసరుగారి పక్కన నిలబడి కూడా దడ పుట్టని గుండె ఒకటుంది."

"ఎవరిదీ?"

కొమ్మారావు గంపయ్య వైపు చూపించింది. ఆయన ఎండలో నిలబడి కునుకు తీస్తున్నాడు.

మూడో తనిఖీ రోజు బెల్టును గంపయ్య పొట్టకు కట్టి, పైన గంపలు సర్దేశారు. "నడుంనొప్పికి పట్టీ తాతా" అంది కొమ్మారావు. జేగురమ్మకు ఒక తీగ చుట్టి, దాని మీద గడ్డిచాప కప్పారు. ఈగలకని చెప్పారు. గంపయ్యను ఆమెను ఆనుకుని నిలబెట్టారు.

మచ్చేశ్వరరావుగారు వచ్చారు. "గంపయ్యగారూ, నడుం ఎలా ఉంది?" అని ఆయన వీపు మీద చెయ్యి వేశారు.

"మీ దయ బాబూ. కాస్త ఎడం పక్కన గోకుతారా? ఆఁ, అక్కడే, అక్కడే."

ఆఫీసరుగారు గోకారు. జేగురమ్మ కళ్ళు తేలేసింది. వాచీలో ముప్పై ఎనిమిది పడింది.

మచ్చేశ్వరరావుగారు అంకె చూశారు. మళ్ళీ చూశారు. వాచీని దులిపి మళ్ళీ చూశారు. ముప్పై ఎనిమిదే. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు టపటపా రాలాయి.

"నా శిబిరం పనిచేసింది! ఇంత నిబ్బరమైన గుండెను నా సర్వీసులో చూడలేదు. అమ్మా జేగురమ్మా, నువ్వు నా పరువు నిలబెట్టావు!"

"అంతా తమ దయండీ" అంది జేగురమ్మ. ప్రాణం లేచొచ్చింది.

లేచొచ్చిన ప్రాణం ఇంకా కుదురుకోనేలేదు. ఆయన ఇంకో మాట అన్నారు.

"ఇంత చక్కటి అంకెను పందెం రోజున అడుగడుగునా రికార్డు చేయాలి. కొమ్మారావూ, పట్నంవాళ్ళు పరుగులో వాచీని ఎక్కడ పెట్టుకుంటారు?"

"పదడుగులు దాటితే వాచీలో అంకెలు పోయి గీతలు పడతాయండీ. అందుకని..." అని కొమ్మారావు అక్కడిదాకా వచ్చి నాలుక కరుచుకుంది.

"అందుకని?"

"గుర్రం మీదే... కూర్చుంటారండీ."

"బాగుంది. నేను ఎక్కుతాను. గోళ్ళు లోపలికి పెట్టుకుంటానమ్మా, మాటిస్తున్నా."

జేగురమ్మ కొమ్మారావు వైపు చూసింది. కొమ్మారావు ఆకాశం వైపు చూసింది. ముప్పై ఎనిమిది అంకె ఉన్న గుర్రం "నాకు భయమండీ" అని ఎలా అంటుంది? అంటే ఇందాకటి అంకె ఎవరిదని అడుగుతారు. ఆమె తల ఊపింది.

పందెం రోజు వచ్చింది. ఏటవతలివాళ్ళ తరఫున పాలనురుగు లాంటి తెల్ల మగగుర్రం వచ్చింది, పేరు వెన్నెలరాజు. న్యాయం చెప్పడానికి మడుగులో ఉండే ముసలి తాబేలు గట్టెక్కి కూర్చుంది. అది ఏ అడవికీ చెందదు, అందుకే అందరూ దాని మాట వింటారు. జూలువర్మ మహారాజుగారు ఎండ ఎక్కువగా ఉందని గుహలోనే ఉండిపోయి, విశ్రాంతి శాఖను సిద్ధంగా ఉంచమని చెప్పారు. ముందుచూపు గల ప్రభువు.

ఈసారి బెల్టు నిజంగానే జేగురమ్మ పొట్టకు కట్టారు, ఆఫీసరుగారు ఆమె మీదికి ఎక్కారు. అంతే. తాబేలు "ఇక పరిగె..." అనేసరికి జేగురమ్మ కనబడలేదు.

ఆమె ఎన్నడూ అలా పరిగెత్తలేదు. ఎవరూ పరిగెత్తలేదు. వీపు మీద చిరుతపులిని పెట్టుకుని నిదానంగా పోదామని ఏ గుర్రానికి మాత్రం అనిపిస్తుంది? మొదటి మలుపులో రాళ్ళు ఎగిరాయి. రెండో మలుపులో వెన్నెలరాజు చుక్కలా కనబడ్డాడు, మూడో మలుపులో ఆ చుక్క కూడా లేదు. ఐదు కోసులయ్యాక ఆమెకు ఒక సంగతి తెలిసింది. పైన ఉన్నాయన ఏమీ చేయడం లేదు. చేసే స్థితిలో లేరు. "అమ్మా, కాస్త... మెల్లగా... కడుపులో తిప్పుతోంది" అని మూలుగుతున్నారు.

"అంకె ఎంతండీ?" అని అడిగింది మర్యాదకు.

"కళ్ళు తెరిస్తే కదా తల్లీ!"

ఎలాగైతేనేం, గద్దబండ నీడ మడుగు నీళ్ళకు ఇంకా చాలా ఎడంగా ఉండగానే జేగురమ్మ తిరిగొచ్చేసింది. వెనక దుమ్ము కూడా కనబడటం లేదు. మన అడవివాళ్ళు ఎగిరి గంతేశారు. గంపయ్య "ఎన్నో జాము? అప్పుడే వచ్చేసిందా నా తల్లి?" అని తోక ఊపాడు. మచ్చేశ్వరరావుగారు ఆమె మీద నుంచి దిగలేదు, జారిపడ్డారు. పక్కకు వెళ్ళి కాసేపు పొదను పట్టుకుని వంగి నిలబడ్డారు. తర్వాత మూతి తుడుచుకుని, మళ్ళీ డ్యూటీ గుర్తొచ్చి, వాచీ ఎత్తి పట్టుకుని జేగురమ్మ ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ముక్కుకు ముక్కు రెండడుగుల దూరం.

అదిగో, అప్పుడు మొదలైంది అసలు కష్టం. పరిగెడుతున్నంతసేపూ ఆమె భయానికి చేయడానికి ఒక పని ఉంది. ఆగాక దానికి పని లేదు.

"నూట ఎనభై" అని చదివారు ఆఫీసరుగారు. "ఫరవాలేదు, తగ్గుతుంది. నేనున్నానుగా."

నీడ ఒక మూర కదిలింది. నూట ఎనభై.

"ఏమిటిది! నీది ముప్పై ఎనిమిది గుండె కదమ్మా! కొమ్మారావూ, నీళ్ళు చల్లు. నన్ను చూడు జేగురమ్మా, నా కళ్ళలోకి చూడు, ధైర్యం వస్తుంది."

ఆమె చూసింది. నూట తొంభై నాలుగు.

దూరంగా గిట్టల చప్పుడు వినిపించింది. వెన్నెలరాజు వస్తున్నాడు, తాపీగా, హాయిగా. ఏటవతలివాళ్ళు అప్పుడే పిల్లల స్నానాలకు తువ్వాళ్ళు తీస్తున్నారు. గద్దబండ నీడకూ నీళ్ళకూ మధ్య రెండు జానల మట్టి ఉంది.

లేళ్ళు జేగురమ్మ వంక చూస్తున్నాయి. ఒక్క నోరూ లేవడం లేదు. ఇన్ని గుండెలకూ తెలిసిన సంగతి ఒక్క గొంతులోంచీ బయటికి రావడం లేదే అనిపించి ఆమెకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఎలాగూ గుహ వెనక్కే కదా పోయేది!

"అయ్యా, ఒక మాట."

"చెప్పు తల్లీ, ఆయాసమా?"

"ఆ రోజు సభలో ఈ బెల్టు ముందుగా మీకే కట్టారు. మీ అంకె అరవై రెండు. తర్వాత మహారాజుగారు ఆవులించారు. అప్పుడెంత?"

ఆఫీసరుగారు వాచీ వంక చూశారు.

"రెండు వందల ఎనిమిది!" అంది కొమ్మారావు పై కొమ్మ మీద నుంచి.

"అది... పరికరం వేడెక్కి..."

"పరికరం కాదండీ, మహారాజుగారి పళ్ళు. ఆయన సింహం. మీకు దడ పుట్టింది. మీరు చిరుతపులి, నేను గుర్రాన్ని. నా జబ్బు అదేనండీ. ఈ అడవి మొత్తానికీ అదే జబ్బు. మీరు వస్తే వస్తుంది, వెళ్తే పోతుంది."

వెనక నుంచి గంపయ్య గొంతు వినిపించింది.

"చిరుతపులా? ఎక్కడ? ఎవరూ? ఆఫీసరుగారా!" ఆయనకు గోకించుకున్నదంతా గుర్తొచ్చింది. "ఓరి నాయనోయ్!" అని ఒక్క గెంతు గెంతి, గంపలతో సహా మడుగులో పడ్డాడు. అదృష్టం కొద్దీ గంపలు తేలాయి, వాటి మధ్య ఆయనా తేలాడు.

మచ్చేశ్వరరావుగారు అటు చూశారు, ఇటు చూశారు. ఆయన మొహం చిన్నబోయింది. "నేను ఎప్పుడైనా మీలో ఎవర్నైనా... డ్యూటీలో..." అని ఆగిపోయారు. "నన్ను చూస్తే అంత భయమా?"

జేగురమ్మకు ఆ మొహం చూసి జాలేసింది. ఇంత భయంలోనూ జాలేసింది.

"మీరు మంచివారేనండీ. ఆ సంగతి నాకు తెలుసు. నా గుండెకు తెలియదు. దానికి చదువు రాదు."

ఆయన చాలాసేపు తలొంచుకుని ఉన్నారు. చాలాసేపంటే నీడ ఒక జానెడు కదిలినంతసేపు. తర్వాత పళ్ళతో వాచీ విప్పి తాబేలు ముందు పెట్టి, మెల్లగా నడుచుకుంటూ గద్దబండ వెనక్కి వెళ్ళిపోయారు.

"వాసన కూడా తగలకూడదండీ, గాలివాలుకు వెళ్ళండి!" అని అరిచింది జేగురమ్మ. ఒకసారి నోరు తెరిచాక మూసుకోవడం కష్టం.

తాబేలు వాచీలోకి తొంగి చూస్తూ అంకెలు చదివింది. నూట యాభై. నూట పది. ఎనభై ఎనిమిది. డెబ్బై. అరవై ఆరు. అరవై ఆరు. అరవై ఆరు.

నీడ నీళ్ళకు నాలుగు వేళ్ళ దూరంలో ఉంది.

"ఇంకా ఎందుకు దిగదు?" అని కొమ్మారావు జుట్టు పీక్కుంది.

జేగురమ్మ బండ వైపు చూసింది. పక్కనుంచి నల్లమచ్చల తోక కొస ఒకటి బయటికొచ్చి దిగులుగా ఇటూ అటూ ఊగుతోంది.

"అయ్యా, తోక!"

తోక చటుక్కున లోపలికి పోయింది. అరవై మూడు.

"కుదుటపడింది" అంది తాబేలు. మరుక్షణం గద్దబండ నీడ నీళ్ళలో పడింది. లేడిపిల్లలన్నీ నీడతోపాటే మడుగులోకి దూకాయి. జేగురమ్మ కళ్ళు మూసుకుని, తల వంచి, కడుపారా నీళ్ళు తాగింది. ఆ నీళ్ళంత తియ్యటివి ఆమె ఎన్నడూ తాగలేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ ఆఫీసరన్నాక రిపోర్టు రాయాలి కదా.

మచ్చేశ్వరరావుగారు గుహ ముందు నిలబడి రిపోర్టు చదివారు. "మహాప్రభూ, అడవిని పీడిస్తున్న గుండెజబ్బుకు మందు కనిపెట్టాను. నేను పదడుగులు దాటి, గాలివాలున, తోకతో సహా కనబడకుండా ఉంటే రోగి ఐదు నిమిషాల్లో కోలుకుంటున్నాడు." మహారాజుగారు ఎంతో మెచ్చుకుని ఆయన్ను పెద్ద ఆఫీసరును చేశారు. ఆ శాఖకు ఆఫీసరు దూర చికిత్స శాఖ అని పేరు పెట్టారు. విశ్రాంతి శాఖ మాత్రం అలాగే ఉంది, దానికి మహారాజుగారే నేరుగా అధిపతి.

ఆ వారమంతా అడవి హాయిగా ఉంది. జేగురమ్మ పొద్దున్నే ఆరు కోసులు పరిగెత్తి వచ్చేది. గంపయ్య చెవి ఆనించి "కుదుటపడింది, వెళ్ళి నీళ్ళు తాగు" అనేవాడు. ఇప్పుడు ఎవరు పలకరించినా "ముందు మీ జాతి చెప్పండి" అని అడగడం నేర్చుకున్నాడు పాపం.

తర్వాతి బుధవారం నాడు పొదలు కదిలాయి. మెత్తగా, చప్పుడు లేకుండా మచ్చేశ్వరరావుగారు వచ్చారు. చంకలో ఒక పెద్ద రిజిస్టరు, చేతికి వాచీ.

"కులాసానా జేగురమ్మా? భయపడకమ్మా, నేను నీ దగ్గర లేను."

జేగురమ్మ తనకూ ఆయనకూ మధ్య ఉన్న రెండడుగుల నేల వంక చూసింది.

"కొత్త రూలు. నేను ప్రతి ఒక్కరికీ దూరంగా ఉంటున్నానా లేదా అన్నది ఆఫీసరు కళ్ళారా చూసి రాయాలి. ఆఫీసరును నేనే. కాబట్టి వారం వారం స్వయంగా వచ్చి, నేను ఇక్కడ లేనని ధ్రువీకరించి, నేను లేనప్పుడు నీ అంకె ఎంత ఉందో చూసి, సంతకం పెట్టి వెళ్తాను. ఏదీ, ఆ బెల్టు కట్టుకో తల్లీ." ఆయన ఆమె మెడ పక్కన మొహం పెట్టి వాచీలోకి చూశారు. "అయ్యయ్యో! నూట తొంభై! నేను లేకపోయినా తగ్గలేదంటే ఇది నిజంగానే జబ్బన్నమాట!"

నీతి: ఆఫీసరు దూరంగా ఉంటే అందరూ ఆరోగ్యంగానే ఉంటారు, కాకపోతే ఎంత దూరంగా ఉన్నాడో చూసి సంతకం పెట్టడానికి ఆయన దగ్గరికి రావాల్సి ఉంటుంది.